కోనసీమ ఇంట్లో పాట రికార్డింగు: ముందు గది, తరవాత మైకు, చివరికి సాఫ్ట్‌వేర్

మాస్టారూ, నమస్కారమండి.

మీరడిగినవి మూడు. పాతిక వేలల్లో ఏ మైకు కొనాలి, ల్యాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే గది స్టూడియోలా పనికొస్తుందా. మీది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొత్తగా కట్టిన స్లాబు ఇల్లు, పక్కనే అమ్మగారుండే పాత పెంకుటిల్లు, 8 జీబీ ర్యామున్న విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నాయన్నారు. డెబ్బై దాటిన అమ్మగారి మంగళహారతులు, గొబ్బి పాటలు, తత్వాలు దాచుకోవాలి. మీరు హార్మోనియం వాయిస్తూ పాడే కీర్తనలు యూట్యూబులో పెట్టాలి. మీ మేనల్లుడి ఎలక్ట్రిక్ మాండొలిన్ కూడా అప్పుడప్పుడూ కలవాలి. తెలిసినవాళ్ళెవరో బీఎం-800 మైకు, వీ8 సౌండ్ కార్డు ఉన్న కిట్టు కొనమన్నారు, ఎఫ్ఎల్ స్టూడియో వేయించుకోమన్నారు.

ఆ కిట్టు కొనకండి. ఎఫ్ఎల్ స్టూడియో మంచి సాఫ్ట్‌వేరే, కానీ అది బీట్లు కట్టి పాట తయారుచేసేవాళ్ళ కోసం పుట్టింది. మీ పని ఉన్న గొంతునీ ఉన్న వాద్యాన్నీ ఉన్నట్టుగా పట్టుకోవడం. ఈ పనిలో డబ్బూ శ్రమా ముందు గది మీద పెట్టాలి, తరవాత మైకు మీద, చివర్న సాఫ్ట్‌వేర్ మీద. మన డెల్టాలో అయితే దీనికి తేమా, కరెంటూ, ఊరి చప్పుడూ తోడవుతాయి. ఇంటర్నెట్లో కనిపించే సమీక్షలు ఏ చలిదేశంలోనో, తలుపులు బిగించిన గదిలోనో కూర్చుని చేసినవి. వాటిని నమ్మి కొన్న సామాను మన దగ్గర ఆషాఢ మాసంలో ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు.

ముందు అమ్మగారి సంగతి. సామాను వచ్చేదాకా ఆగకండి, ఈ వారమే మొదలుపెట్టండి. మీ చేతిలోని ఫోను చాలు. శబ్దాన్ని కుదించే ఎంపీ3గా కాకుండా, కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫైలుగా రికార్డు చేసే యాప్ వేసుకోండి. సెట్టింగుల్లో ఆటోమేటిక్ గెయిన్ (మైకు వినే స్థాయిని ఫోనే పెంచి తగ్గించడం), నాయిస్ తగ్గింపు లాంటివి ఉంటే తీసేయండి. ఆటో గెయిన్ ఉంటే ఆవిడ ఊపిరి పీల్చుకునే చోట వెనక ఫ్యాను చప్పుడు పైకి లేస్తుంది, పల్లవి ఎత్తుకోగానే గొంతు కిందికి అణిగిపోతుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఆవిడ కూర్చునే చోట ఒక స్టూలు మీద మడత దుప్పటి వేసి, దాని మీద ఫోన్ని పెట్టండి. నోటికి మూరెడు దూరం మించకూడదు. ఫోను మైకు కింది అంచులో ఉంటుంది కాబట్టి ఆ అంచు ఆవిడ వైపు ఉండాలి. ఆరడుగుల అవతల పెట్టిన ఇరవై వేల మైకు కంటే మూరెడు దూరంలో ఉన్న ఫోనే పాటని బాగా పట్టుకుంటుంది. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే "మంచి మైకు కొన్నాక చేద్దాంలే" అని వాయిదా పడ్డ పాటలు ఎన్నో మన వైపు మళ్ళీ వినే వీల్లేకుండా పోయాయి.

ఆవిడ శ్రుతిపెట్టె లేకుండా పాడతారు కదా, అలాగే పాడనివ్వండి. మూడో చరణానికి శ్రుతి కొంచెం పైకి జరుగుతుంది, జరగనివ్వండి. ఒక్కో పాటకి ముందు అది ఏ వేళప్పుడు పాడేదో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆవిడ నోటితోనే చెప్పించి అది కూడా రికార్డు చేయండి. గొబ్బి పాట అయితే చప్పట్లతో సహా కావాలి. చప్పట్లు గొంతుకంటే గట్టిగా పడతాయి, అందుకని చప్పట్లు కొట్టేవాళ్ళని రెండు మూడడుగులు వెనక్కి కూర్చోబెట్టండి.

ఇక గది. పెంకుటింటికీ స్లాబింటికీ గుణం వేరు. పెంకుటింట్లో వాసాలు, దూలాలు, ఎగుడుదిగుడు కప్పు ఉంటాయి కాబట్టి శబ్దం ఒకే తీరుగా తిరిగి రాదు, గొంతు హాయిగా వినిపిస్తుంది. కానీ బయటి చప్పుడంతా లోపలికొస్తుంది. మండువా ఉన్న ఇల్లయితే పాట ఇంకా అందంగా ఉంటుంది, దాంతో పాటు వీధిలో మోటారు సైకిలూ పాటలోకి వస్తుంది. స్లాబు గది బయటి చప్పుడుని ఆపుతుంది గానీ, నున్నగా సిమెంటు పూసిన గోడల మధ్య గొంతు గోడకీ గోడకీ కొట్టుకుని గణగణమంటుంది. గదిలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టి చూడండి. చప్పట తరవాత సన్నగా "జ్యింగ్"మని తోక వినిపిస్తే అదే ఆ గణగణ. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ పది అడుగులే అయిన గది అన్నిటికంటే కష్టం. 56, 112 హెర్ట్జ్ (సెకనుకి ఇన్ని కంపనాలని లెక్క) దగ్గర మూడు వైపుల నుంచి వచ్చే మోతలూ ఒకదాని మీద ఒకటి పడి, మీ గొంతులోని మంద్రమూ హార్మోనియం కింది స్వరాలూ ఉబ్బినట్టు వినిపిస్తాయి. మీ కొత్తింట్లో గదులు ఎంచుకునే వీలుంటే పొడవు, వెడల్పు సమానం కాని గది తీసుకోండి. బీరువాలు, మంచాలు, పరుపులు ఉన్న పడకగది ఖాళీ హాలు కంటే ఎప్పుడూ మేలు.

కోడిగుడ్ల అట్టలు వద్దండి. పల్చటి అట్ట శబ్దాన్ని పీల్చుకోలేదు, పై స్థాయిలో కాస్త చెదరగొడుతుంది, అంతే. పైగా ఇట్టే అంటుకుంటుంది. శబ్దాన్ని పీల్చుకోవాలంటే గాలి దూరే మందమైన పీచు కావాలి. అది మీ ఊళ్ళోనే ఉంది. కొబ్బరి పీచు మీకు దొరికినంత సులువుగా హైదరాబాదు వాళ్ళకి దొరకదు. రబ్బరు కలిపి అచ్చుపోసిన నాలుగంగుళాల కొబ్బరి పీచు పరుపు ముక్కలు తీసుకుని, వడ్రంగి చేత ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చట్రాలు మూడు కట్టించండి. పైన పల్చటి నేత గుడ్డ లాగి కొట్టించండి. ఆ గుడ్డ నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, రెక్సిన్ లాంటిది వేస్తే శబ్దం లోపలికే దిగదు. చట్రాన్ని గోడకి అంటించకుండా నాలుగంగుళాల ఖాళీ వదలండి. ఆ ఖాళీ వల్ల ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది, వానాకాలంలో గోడ చెమ్మ పీచుకెక్కకుండా కూడా ఉంటుంది.

చట్రాలు ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలియదు. మైకు వెనక కాదు, పాడేవాళ్ళ వీపు వెనక పెట్టాలి. మనం వాడే మైకు ముందువైపు వింటుంది, దాని ముందున్నది మీరూ, మీ వెనక గోడా. ఒకటి మీ వెనక, మిగతా రెండూ చెరో పక్క. పీచు చట్రాలు కట్టించేదాకా దండెం మీద రెండు బొంతలు వేలాడదీసినా సగం పని జరుగుతుంది.

ఈ చట్రాలు గది లోపలి గణగణని తగ్గిస్తాయి గానీ బయటి చప్పుడుని ఆపవు. ఇటుక గోడ ఆపనిదాన్ని పీచు ఆపదు. దానికి మందు కాలాన్ని ఎంచుకోవడమే. మా భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి ఏరియేటర్లు తిరుగుతాయి. రాత్రి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కాబట్టి వాటిని ఆపడానికి వీల్లేదు. అందుకని మా దగ్గర రాత్రి రికార్డింగు పనికిరాదు. మీ వైపు చెరువులు తక్కువగానీ, కాలువల్లో నీళ్ళున్నంతకాలం కప్పలూ కీచురాళ్ళూ ఉంటాయి. ఫ్యాను చప్పుడు సగం వరకు కింది స్వరాల్లో ఉంటుంది, దాన్ని కొంత కోసేయొచ్చు. కీచురాయి అరుపు నాలుగైదు వేల హెర్ట్జ్ దగ్గర, సరిగ్గా అక్షరాలు స్పష్టంగా వినిపించే చోట పడుతుంది. దాన్ని తీయబోతే పాటలో మాటలు మొద్దుబారతాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు, మాఘమాసంలో పెళ్ళి డీజేలు, సార్వా కోతలప్పుడు పొలాల్లో యంత్రాలు. మూఢం వచ్చినప్పుడు పంచాంగం చూసుకోండి. ముహూర్తాలుండవు, ఊళ్ళో పెళ్ళి మైకులుండవు. రోజులో అయితే భోజనాలయ్యాక ఒంటిగంట నుంచి మూడింటి దాకా పల్లెటూళ్ళో దొరికే నిశ్శబ్దం ఇంకెప్పుడూ దొరకదు. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేసిన రోజుల్లో కప్పల బాధ కూడా ఉండదు. అయితే అప్పుడు ఎండ ఎక్కువ, ఫ్యాను ఆపి పాడాలంటే అమ్మగారికి కష్టం. ఈ వారం ఫోన్లో చేసేవి కాక, ఆవిడ పాటలు తీరిగ్గా చేయడం జనవరి చివర, ఫిబ్రవరిలో పెట్టుకోండి. ఫ్రిజ్ ఆపితే, పనయ్యాక మళ్ళీ వేయడం ఎవరికో ఒకరికి అప్పజెప్పండి.

మైకు విషయంలో డైనమిక్కా (అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసేది), కండెన్సరా (విద్యుత్తు నిలవ చేసుకునే పల్చని పొరతో పనిచేసేది) అన్నది అసలు ప్రశ్న. "డైనమిక్ మైకు గది చప్పుడు వినదు, కండెన్సర్ అన్నీ వింటుంది" అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఇది సగం నిజం. రెండూ ఒకే దూరంలో, ఒకే దిక్కుకి వినే రకమైతే గదిని దాదాపు ఒకేలా వింటాయి. డైనమిక్ మైకుని మనం నోటి దగ్గరగా పెట్టుకుంటాం, అందుకని గది తక్కువ వినిపిస్తుంది. అసలు మహిమ దూరానిది. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేసినప్పుడల్లా గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు ఉన్నచోటే ఉంటుంది. రెండడుగుల నుంచి ఆరంగుళాలకి తెస్తే పన్నెండు డెసిబెల్స్ లాభం. ఇంత లాభం ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు. అయితే మరీ రెండంగుళాలకి వెళ్తే మంద్రం ఉబ్బుతుంది, "భ", "ఫ", "ఘ" దగ్గర ఊపిరి దభీమని కొడుతుంది. భజన పాటల్లో ఇలాంటి అక్షరాలు తరచూ వస్తాయి. మైకుని నోటికి ఎదురుగా కాకుండా గడ్డం ఎత్తులో, కొద్దిగా పక్కకి పెట్టి, నోటి వైపు తిప్పితే ఊపిరి మైకుని తాకకుండా పోతుంది.

అలాగని కండెన్సర్ పనికిరానిది కాదు. వీణ, వయొలిన్, సన్నని గొంతు లాంటివాటిని అది పట్టుకున్నంత నాజూకుగా డైనమిక్ పట్టుకోలేదు. మన ప్రాంతంలో దానికున్న కష్టం తేమ. కండెన్సర్ లోపల బంగారు పూత పూసిన అతి పల్చని పొర ఒకటి విద్యుత్తు నిలవ చేసుకుని ఉంటుంది. చెమ్మ చేరితే ఆ విద్యుత్తు జారిపోతూ, చిటపటమని, గరగరమని చప్పుడొస్తుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు. డైనమిక్‌లో ఉన్నది అయస్కాంతం, తీగచుట్ట. దానికి ముసురుతో పెద్ద పేచీ లేదు. అందుకే కోనసీమలో మొదటి మైకు డైనమిక్ కావాలంటాను. పాతికేళ్ళుగా గుళ్ళలో, తీర్థాల్లో తిరిగిన మైకు సెట్టు వాళ్ళ పెట్టెలు చూడండి, అందులో ఉండేవన్నీ డైనమిక్కులే. వాళ్ళు వాడే షూర్ ఎస్ఎం58 1966 నుంచి దాదాపు మారకుండా వస్తోంది.

తరవాతెప్పుడైనా కండెన్సర్ కొంటే మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. రంగు మారే జెల్ అయితే, రంగు మారగానే మూకుట్లో సన్న సెగ మీద వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వేయొచ్చు. బియ్యం డబ్బాలో పెట్టకండి, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. ఏసీ గదిలోంచి నేరుగా వరండాలోకి తెచ్చి ఆన్ చేయకండి, చల్లని పొర మీద నీటి ఆవిరి పడుతుంది. అంతర్వేది వైపు సముద్రగాలి తగిలే ఊళ్ళలో కేబుల్ పిన్నులు కూడా చిలుమెక్కుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో అప్పుడప్పుడూ తుడవాలి.

ఆ బీఎం-800 కిట్టు ఎందుకు వద్దన్నానంటే, కండెన్సర్ మైకు నిండుగా పనిచేయడానికి 48 వోల్టులు ఇవ్వాలి. దీన్నే ఫాంటమ్ పవర్ అంటారు. ఆ కిట్లలో ఫోనుకో కంప్యూటర్‌కో ఉన్న చిన్న పిన్నులోంచి రెండు మూడు వోల్టులతో సరిపెడతారు. గొంతు నీరసంగా వస్తుంది, వెనక బుస్సుమంటుంది. వీ8 కార్డు మీద ఉన్న బొత్తాలన్నీ నవ్వులు, చప్పట్లు, గొంతు మార్చే ఆటలు. లైవ్‌లో మాట్లాడేవాళ్ళకి అవి కావాలేమో, కీర్తనకి అక్కర్లేదు. యూఎస్‌బీ మైకు అంతకంటే మేలే. ఒక్క గొంతుకే అయితే ఫరవాలేదు. మీకు గొంతుకొకటి, హార్మోనియానికొకటి కావాలి. రెండు యూఎస్‌బీ మైకులు ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకేసారి నడపడం తలనొప్పి.

కాబట్టి మీకు కావలసింది రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుల శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె. ఇక్కడ జాగ్రత్త. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో చాలామంది చెబుతారు, మంచిదే, కానీ దానికి మైకు పిన్ను ఒకటే. రెండోది వాద్యానికి. మీకు అదే వరసలో దాని పైది, స్కార్లెట్ 2ఐ2 కావాలి, లేదా బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ. రెండిటికీ రెండేసి మైకు పిన్నులు, 48 వోల్టులు, 24 బిట్ రికార్డింగు ఉన్నాయి. మీ డబ్బుకి బెరింగర్ సరిపోతుంది. మాండొలిన్‌కి మైకు అక్కర్లేదు. పిన్నులు రెండే కాబట్టి ఒక మైకు పీకి, ఆ చోట మాండొలిన్ కేబుల్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లో గుచ్చి "ఇన్‌స్ట్రుమెంట్" అని ఉన్న బొత్తం నొక్కాలి. ఆ బొత్తం మరిస్తే తీగ మోత మొద్దుగా, నిర్జీవంగా వస్తుంది. మాండొలిన్ శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టి కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని ఒప్పించిన చోటు మనది. మీ మేనల్లుడు గమకం లాగినప్పుడు ఆ లాగుడంతా వినిపించాలి కదా.

కరెంటు గురించి. రికార్డింగులో "హూఁ"మని సన్నని మోత వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ మోత 50 హెర్ట్జ్ కరెంటుదీ, దాని గుణిజాలదీ. ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే, రెండు పిన్నుల చార్జర్ వాడితే ఎక్కువవుతుంది. స్లాబు ఇల్లు కొత్తదే కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ గొయ్యి ఒకసారి చూపించండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే సైన్ వేవ్ రకం ఉండాలి, చవక రకం స్క్వేర్ వేవ్ అయితే ఫ్యానుతో పాటు మీ మైకు కేబుల్ కూడా జుమ్మంటుంది. మైకు కేబుల్, కరెంటు వైరు పక్కపక్కన పొడుగునా పరవకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

హార్మోనియం వాయిస్తూ పాడేటప్పుడు మైకులు ఎలా పెట్టాలన్నది ఈ జవాబులో మీరు తప్పకుండా చేసి చూడాల్సిన సంగతి. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు ముందు నుంచి బాగా వింటుంది, తోక వైపు నుంచి దాదాపు వినదు. ఆ తోకనే మనం వాడుకోవాలి. గొంతు మైకుని మీ గడ్డానికి కాస్త దిగువ నుంచి పైకి, నోటి వైపు చూసేలా పెట్టండి. అప్పుడు దాని తోక కింద ఉన్న హార్మోనియం వైపుంటుంది, హార్మోనియం మోత మీ గొంతు రికార్డింగులోకి తక్కువ దిగుతుంది. చాలామంది మైకుని పైనుంచి కిందికి వంచి పెడతారు. అది ముక్కుసూటిగా హార్మోనియాన్నే వింటుంది. రెండో మైకు హార్మోనియం మెట్ల పక్క నుంచి అడుగు ఎత్తున, బెల్లోస్‌కి (గాలి కొట్టే తిత్తికి) దూరంగా పెట్టండి. బెల్లోస్ దగ్గర పెడితే స్వరం కంటే ఊపిరే ఎక్కువ వినిపిస్తుంది. మైకుకీ అది వినాల్సిన నోటికో వాద్యానికో మధ్య ఎంత దూరముందో, రెండు మైకుల మధ్య అంతకి మూడు రెట్లు ఉంటే మంచిది. ఒకే మనిషి పాడుతూ వాయిస్తే అంత దూరం కుదరదు, అప్పుడు ఆ తోక ఉపాయమే దిక్కు.

కీర్తనని ముందు హార్మోనియం, తరవాత గొంతు అని విడదీసి చేయొద్దని నా సలహా. అలా చేస్తే గొంతు హార్మోనియం వెనకాల నడుస్తుంది. కలిపి పాడితేనే ఊపిరీ లాగుడూ కుదురుతాయి. తబలా కలిసినా అంతే, ఒకే గదిలో ఒకేసారి చేయండి. హార్మోనియం శ్రుతికి మీ ఫోన్లోని తంబురా యాప్‌ని సరిపెట్టుకోండి, అది ఇయర్‌ఫోన్లోనే వినిపించాలి. పాత హార్మోనియాలు యాప్ చెప్పే 440 దగ్గర ఉండవు, పైనో కిందో ఉంటాయి.

హెడ్‌ఫోన్లు చెవిని మొత్తం మూసే రకం కావాలి, ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ లాంటివి. తెరిచి ఉండే రకంలో శ్రుతి మైకులోకి జారుతుంది. బ్లూటూత్‌వి అసలొద్దు, గొంతు ఆలస్యంగా వినిపిస్తుంది. స్పీకర్లు ఇప్పుడే కొనకండి. ముందు గది సర్దాలి, ఆ తరవాతే వాటి మాట.

సాఫ్ట్‌వేర్‌కి వచ్చాం. అమ్మగారి పాటలకి ఆడాసిటీ చాలు. ఉచితం, 2000 నుంచి ఉంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఒక్క గొంతు రికార్డు చేసి, మొదలూ చివరా కోసి, దాచుకోవడానికి అంతకంటే సులువైనది లేదు. మీ కీర్తనలకి మాత్రం రీపర్ నేర్చుకోండి. గొంతు ఒక ట్రాకు (విడి వరస), హార్మోనియం ఒక ట్రాకు, మాండొలిన్ ఒక ట్రాకు అని పెట్టుకుని ఏ మార్పు చేసినా అసలు రికార్డింగు చెక్కుచెదరదు, ఎప్పుడైనా వెనక్కి వెళ్ళొచ్చు. చాలా చిన్న సాఫ్ట్‌వేర్, మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌కి బరువే కాదు. 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడి చూడొచ్చు. మీలాంటి వ్యక్తిగత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. గడువు దాటినా అది ఆగిపోకుండా నడుస్తూనే ఉంటుంది, అయినా పనికొచ్చిందనిపిస్తే కొనండి, వాళ్ళ కష్టం అది. ప్రో టూల్స్ లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్ల దొంగ కాపీలు, వాటికి తగిలించే దొంగ ప్లగిన్లు వేయించుకోకండి. వాటితో వచ్చే వైరస్సు మీ అమ్మగారి పాటల ఫైళ్ళని కూడా తినేయగలదు.

రీపర్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవర్ (శబ్దం ఆలస్యం కాకుండా చూసే చిన్న ప్రోగ్రాం) ఎంచుకోండి. బఫర్ అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత పోగుచేసుకుంటుందన్న లెక్క. అది 128 పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు మూడు మిల్లీసెకన్లు ఆలస్యం, 1024 పెడితే 21 మిల్లీసెకన్లు. పాడేటప్పుడు తక్కువ, మిక్సు చేసేటప్పుడు ఎక్కువ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ తడబడితే ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ నొక్కండి, మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండా నేరుగా చెవికొస్తుంది.

రికార్డింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. వీడియోకి 48 కుదురుతుంది. ఒక గొంతుకి గంటకి సుమారు 520 ఎంబీ అవుతుంది, హార్డ్ డిస్కుకి అది లెక్కలోది కాదు. గెయిన్ పెట్టేటప్పుడు పాటలో అన్నిటికంటే పైకి వెళ్ళే పాదం ముందు పాడించండి. అక్కడ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. 24 బిట్‌లో మెల్లగా పడ్డ గొంతుని తరవాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతుని అతికించలేం. ప్రతి పాటకి ముందు పదిహేను సెకన్లు అందరూ మాట్లాడకుండా ఉండి గది నిశ్శబ్దం రికార్డు చేయండి. చప్పుడు తగ్గించడానికి ఆ నమూనాయే ఆధారం. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఆరు నుంచి తొమ్మిది డెసిబెల్స్ మించనీయకండి. ఇరవై దాటిస్తే గొంతు నీళ్ళలో మునిగి పాడినట్టుంటుంది. అమ్మగారి పాటల వెనక కొంచెం కోడికూత, కొంచెం కొబ్బరాకు గలగల మిగిలితే మిగలనివ్వండి. ఆ ఇంటి పాట అది.

గొంతుని శ్రుతికి దిద్దే సాధనాలు రీపర్‌లో ఉన్నాయి, కీర్తన మీద వాడకండి. అవి స్వరాన్ని దగ్గరి మెట్టు మీదకి లాగేస్తాయి. గమకం ఉండేది మెట్ల మధ్యలోనే, అది చదునైపోతుంది. ఆడగొంతుకి 80 హెర్ట్జ్ కింద కోసేయడం, అక్కడక్కడా గొంతు ఎత్తుపల్లాలు చేత్తో సర్దడం, చివర్లో చిటికెడు రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటిది), ఇంతే చాలు. యూట్యూబు గట్టి పాటలని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి తనే తగ్గిస్తుంది, అందుకని గొంతు పిండేసి పెద్దది చేసినా లాభం లేదు.

ఒరిజినల్ వేవ్ ఫైళ్ళు ఎప్పటికీ తీసేయకండి, ఎంపీ3 వాట్సాప్‌లో పంపడానికే. ఫైలు పేరులో తేదీ, పాట మొదటి మాట ఉండాలి. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఇంకొకటి మీ ఊరికి దూరంగా మెరకలో ఉన్న బంధువుల ఇంట్లో. జూలై, ఆగస్టుల్లో గోదారి వరద ఎలా ఉంటుందో లంకల పక్కన ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో మూడు కాపీలుంటే ఒక్క కాపీ ఉన్నట్టే లెక్క.

పాతిక వేలు ఇలా పంచుతాను. ఇంటర్‌ఫేస్‌కి పది వేల దరిదాపు. బెరింగర్ ఎక్స్ఎం8500 లాంటి డైనమిక్ మైకులు రెండు, ఒక్కోటి రెండు వేల చిల్లర. హెడ్‌ఫోన్లకి ఐదు వేల దరిదాపు. స్టాండ్లు, ఎక్స్ఎల్ఆర్ కేబుళ్ళకి (మూడు పిన్నుల మైకు కేబుళ్ళు) మూడు వేలు. మిగిలింది పీచు చట్రాలకి, వడ్రంగికి. ధరలు అటూ ఇటూ అవుతుంటాయి, కొనే రోజు చూసుకోండి. ఎస్ఎం58 రెండో విడతలో తీసుకోవచ్చు. దానికి బజార్లో నకిలీలు చాలా ఉన్నాయి, సగం ధరకి ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. కంపెనీ అధీకృత డీలర్ బిల్లు ఉంటేనే తీసుకోండి. అమ్మగారి పాటల కోసమే ఒక వస్తువు కొనాలంటే నేను కొనేది చేతిలో ఇమిడే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి రికార్డరు. మెల్లని గొంతూ గట్టి గొంతూ రెండూ పట్టే 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి గెయిన్ పెట్టే పనే లేదు. మంచం పక్కన పెట్టి బొత్తం నొక్కితే చాలు, ల్యాప్‌టాప్ చూసి బిడియపడేవాళ్ళు కూడా హాయిగా పాడతారు.

కొనేముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం రెండింటికీ, రాత్రి తొమ్మిదింటికీ ఆ రెండిళ్ళలోనూ ఒక్కో నిమిషం ఫోనులో ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసి, ఒక్కో చప్పట కొట్టి, ఆ నాలుగు ఫైళ్ళూ పెట్టండి. గదుల కొలతలు, కప్పు ఎత్తు కూడా రాయండి. చట్రాలు ఎక్కడ నిలబెట్టాలో, ఏ గదిలో ఏ వేళ కూర్చోవాలో అవి విని చెబుతాను.